ఎవరు? ఎవరిని?

సిరిసిల్ల,
13 జనవరి 2024

మమత వదినెకు ప్రవళిక నమస్కారాలు.

ఏడో తరగతి తరువాత నేను ఇంత పొడుగు ఏదీ రాయలేదు. తప్పులుంటే ఎర్ర పెన్ను పెట్టకండి వదినె, నాకు చిన్నప్పటి నుంచి ఎర్ర పెన్ను అంటే భయం.

ఫోన్ చేయొచ్చు కదా అంటారేమో. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అది అత్తమ్మ కొంగు ముడిలో ఉంటుంది. ముందు అర్రలో బట్ట నేసే నాలుగు సాంచెలు నడుస్తుంటే ఏదైనా అరిచే చెప్పాలి. ఇది అరిచి చెప్పే ముచ్చట కాదు.

నిన్న రెండో శుక్రవారం. పరదేశంలో మీ తమ్ముడున్న జైలుకు మనం నెలకు ఒక్కసారి, ఆ రోజే, ఫోన్ చేయాలి. పోయిన నెల మామ దోస్తు కొడుకు మాట్లాడి కలిపి ఇచ్చాడు. ఈసారి అతను ఊళ్లో లేడు. "ఏడు తరగతులు సదివినవ్ గద, నువ్వే మాట్లాడు" అని అత్తమ్మ ఫోను నా చేతిలో పెట్టింది. మామ సాంచెలు బందు చేశాడు. నేను పెళ్లయి వచ్చిన ఈ నాలుగేండ్లలో పగటిపూట ఈ ఇంట్లో అంత నిశ్శబ్దం వినలేదు.

అవతల ఎవరో మగ మనిషి ఎత్తాడు. "హూ ఈజ్ కాలింగ్?" అన్నాడు. "ప్రవళిక" అన్నాను. తరువాత "హూ డూ యు వాంట్?" అన్నాడు. హూ అంటే ఎవరు అని నాకు తెలుసు. నా పేరు సరిగ్గా వినపడలేదేమో అనుకొని ఇంకా గట్టిగా "ప్రవళిక" అన్నాను. కాసేపు కాగితాలు తిప్పిన చప్పుడు. "నో ప్రవళిక హియర్" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

"ఏమన్నడే?" అన్నది అత్తమ్మ.

"ప్రవళిక అక్కడ లేదన్నడు."

"నువ్వు ఈడుంటె ఆడెట్లుంటవే!"

ఎవరూ నవ్వలేదు. మామ లేచి పోయి సాంచెలు మొదలుపెట్టాడు. అక్కడ మీ తమ్ముడు తన పేరు పిలుస్తారని కూర్చొని ఉండి ఉంటాడు. ఇంకో నెల ఆగాలి.

ఓంప్రకాశ్ చనిపోయి ఏడు వారాలైంది. ఆయనా మీ తమ్ముడూ ఒకే గదిలో పండుకున్న మనుషులు. కూలీల క్యాంపు మెట్ల మీద నీళ్ల బకెట్ కాడ లొల్లి అయింది, ఆయన కింద పడి చనిపోయాడు, మీ తమ్ముణ్ని పట్టుకపోయారు. మనకు తెలిసింది ఇంతే. కరీంనగర్ వకీలు మాత్రం "మీవాడే మెట్ల మీద నుంచి నూకినట్టు ఒప్పుకున్నడంట, కాగితమున్నదంట" అన్నాడని మామ చెప్పాడు. చేయని పని ఎందుకు ఒప్పుకుంటాడు వదినె?

మీరు పిల్లలకు ఇంగ్లీషు చెప్పే టీచరు. నాకు ఎక్కువ వద్దు. ఆ మనిషి అడిగిన రెండు ప్రశ్నలకూ తేడా తెలిసేటంత నేర్పించండి.

మీ మరదలు,
ప్రవళిక

ఇచ్చోడ,
21 జనవరి 2024

ప్రవళికా,

ఎర్ర పెన్ను పెట్టలేదు, చూడు. నాలుగేండ్లలో నువ్వు నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఆ ఉత్తరమంత ఉండవు. ఇట్లానే రాస్తూ ఉండు. ఇక్కడ మా హాస్టల్లో సిగ్నల్ అందాలంటే గేటు దాటి రోడ్డు మీద నిలబడాలి, నీకు ఫోన్లో నోరు పెగలదు. ఇద్దరికీ కాగితమే నయం.

ఇప్పుడు పాఠం. ఇంగ్లీషు అక్షరాల జోలికి పోకు. తెలుగు అక్షరాల్లో రాసుకొని నోటితో అను. ఇంట్లో జరిగే ముచ్చటే తీసుకుందాం.

అవ్వ, అంటే మీ అత్తమ్మ, నిన్ను పిలిచింది. "లస్మవ్వ కాల్డ్ ప్రవళిక." ఈ మాట నీకు ఎవరో చెబుతున్నారు, సాంచె చప్పుడులో ఒక పేరు మునిగిపోయింది. మొదటి పేరు వినపడకపోతే ఏమడుగుతావు? "ఎవరు పిలిచిండ్రు?" అని. ఇంగ్లీషులో ఆ పేరున్న జాగాలో హూ కూర్చుంటుంది, మిగతాది కదలదు. "హూ కాల్డ్ ప్రవళిక?" జవాబు, లస్మవ్వ.

రెండో పేరు వినపడకపోతే? "లస్మవ్వ ఎవరిని పిలిచింది?" మనకు "ని" ఉంది, బతికిపోయాం. వాళ్లకు ఆ "ని" లేదు. అందుకే "డిడ్" అని ఒకటి తెచ్చి మధ్యలో నిలబెడతారు. "హూ డిడ్ లస్మవ్వ కాల్?" జవాబు, ప్రవళిక. ఇప్పటి ముచ్చటైతే డిడ్ బదులు డూ, డజ్ వస్తాయి. "హూ డూ యు వాంట్?" అంటే నీకు ఎవరు కావాలి అని. నువ్వు నిన్నే అడిగావు పిచ్చిదానా.

హూ వినగానే జవాబు చెప్పకు. దాని వెనుక ఏముందో విను. ఇది పుస్తకం చదివితే రాదు, మాట్లాడితేనే వస్తుంది. అవ్వతో రోజుకు పది ప్రశ్నలు ఆడు. మా పిల్లలకు కూడా ఇట్లానే, ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, వాళ్ల ముచ్చట్లతోనే చెబుతాను.

ఓంప్రకాశ్ వాళ్ల ఊరు ఇక్కడికి పన్నెండు కిలోమీటర్లు. ఆ ఊరి బోర్డున్న బస్సు రోజూ మా గేటు ముందు ఆగుతుంది. నేను ముఖం తిప్పుకుంటాను.

మమతారాణి

సిరిసిల్ల,
10 ఫిబ్రవరి 2024

మమత వదినెకు,

నిన్న మాట్లాడాను! ముందు ఇదే రాయాలనిపించింది. "హూ డూ యు వాంట్?" అన్నాడు ఆ మనిషి. డూ వినపడింది. "భానుప్రసాద్" అన్నాను. తీసుకొచ్చాడు. మూడు నిమిషాల్లో రెండున్నర అత్తమ్మ ఏడ్చింది. నాకు మిగిలిన దాంట్లో "తిన్నవా?" అన్నాను, "తిన్న" అన్నాడు.

నేర్చుకోవడం ఎట్లా ఉందంటే వినండి. అత్తమ్మ నూలు కండెలు చుడుతుంటే పక్కన కూర్చొని "హూ డిడ్ యు సీ?" అన్నాను.

"ఛీ అంటవేందే నన్ను?"

"ఛీ కాదత్తమ్మా, సీ. నువ్వు ఎవరిని చూసినవ్ అని."

"ఎవరిని చూస్త? పొద్దుగాల లేస్తె నీ మొకమే చూస్తున్న. గందుకే ఇల్లు గిట్ల తగలవడ్డది."

"ప్రవళిక" అని జవాబు రాసుకున్నాను. తిట్టినా జవాబు సరైనదే కదా. మొగుడు జైల్లుంటే కోడలు దొరసాని అయితాందని పక్కింటి కమలవ్వతో అంటోంది. అయినా ఇప్పుడు అడిగితే వెంటనే జవాబు చెబుతోంది.

ఇక అసలు సంగతి. జమ్మికుంట ప్రణయ్ వచ్చాడు. మీ తమ్ముని గదిలోనే ఉండేవాడు, పని ఇడిచిపెట్టి ఇంటికి వచ్చేశాడు. ఆ రోజు చప్పుడు విని ఉరికి వచ్చేసరికే ఓంప్రకాశ్ కింద ఉన్నాడట, ఏం జరిగిందో చూడలేదట. కానీ క్యాంపు సెక్యూరిటీ ఆఫీసరు రాసుకున్న కాగితం నకలు తెచ్చాడు. అదే ఆ ఒప్పుకున్న కాగితం. నాలుగు ప్రశ్నలు, నాలుగు జవాబులు, కింద మీ తమ్ముని సంతకం. ప్రణయ్ చదివితే నేను తెలుగులో రాసుకున్నాను.

వాట్ ఈజ్ యువర్ నేమ్? భానుప్రసాద్.
వేర్ వర్ యు? స్టెప్స్.
హూ డిడ్ యు పుష్? ఓంప్రకాశ్.
హూ కేమ్ దెన్? ప్రణయ్.

మూడో ప్రశ్న మూడుసార్లు చదివించాను. డిడ్ ఉంది వదినె. డిడ్ ఉంటే "ఎవరిని" కదా? "నువ్వు ఎవరిని నూకినవ్?" అని అడిగాడు ఆ ఆఫీసరు. మీ తమ్ముడు "నిన్ను ఎవరు నూకిండ్రు?" అనుకొని ఉంటాడు. ఓంప్రకాశ్ నన్ను నూకిండని చెప్పాడు. వాళ్లు ఓంప్రకాశ్‌ను నూకిన అని రాసుకున్నారు. నేను ఫోన్లో ప్రవళిక అన్నట్టే, అచ్చం అట్లానే.

నాకు ఒక నెల పోయింది. ఆయనకు ఎన్నేండ్లు పోతాయి?

నేను అర్థం చేసుకున్నది తప్పైతే తొందరగా రాయండి.

ప్రవళిక

ఇచ్చోడ,
17 ఫిబ్రవరి 2024

ప్రవళికా,

తప్పు కాదు. నూటికి నూరు సరైంది. ఉత్తరం అందగానే గేటు బయటికి ఉరికి వకీలుకు ఫోన్ చేశాను. ఇది పనికొస్తుందన్నాడు ఆయన. కానీ ఇదొక్కటే చాలదట. చనిపోయినాయన భార్య "నాకు ఇతని మీద కక్ష లేదు" అని మాఫీ కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ రెండూ కలిస్తే మనవాడు ఏడాదిలో బయటపడొచ్చు. ఏ కాగితమూ లేకపోతే ఏడేండ్లు అన్నాడు.

భానుకు చిన్నప్పటి నుంచి అదే అలవాటు, సగం విని జవాబు చెప్పడం. ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు.

ఆమె పేరు గంగుబాయి. వచ్చే ఆదివారం నేనే పోతాను. టీచరును కదా, విడమరచి చెబితే అర్థం చేసుకుంటుంది.

మమతారాణి

ఇచ్చోడ,
28 ఫిబ్రవరి 2024

ప్రవళికా,

పోయి వచ్చాను. ఆమె నన్ను వాకిట్లోనే నిలబెట్టింది. నేను కాగితం తీసి ఇంగ్లీషు ప్రశ్న చదివి, సబ్జెక్టు, ఆబ్జెక్టు అని మొదలుపెట్టాను. మధ్యలోనే ఆపింది.

"మా ఆయన పేరు వెట్టి చెప్పిండు గద మీ తమ్ముడు?"

"చెప్పిండమ్మా, కానీ ప్రశ్న అర్థం కాక..."

"నువ్వు ఇంగ్లీషు పంతులమ్మవే గద. నీ తమ్మునికి నువ్వెందుకు చెప్పలే మరి?"

తలుపు పెట్టుకుంది. బస్సు వచ్చేదాకా ఎండలో నిలబడ్డాను.

పోయిన ఉత్తరంలో నీకు అబద్ధం రాశాను. భాను ఆ దేశం పోయేముందు వారం రోజులు నేను సిరిసిల్లలో ఉన్నాను, గుర్తుందా? నువ్వు వంటింట్లో ఉండేదానివి. నేను వాడికి ఇంటర్వ్యూ కోసం ఇంగ్లీషు చెప్పాను. టైము లేదు. "హూ అని వినపడితే మనిషి పేరు చెప్పు. వేర్ అని వినపడితే జాగా పేరు చెప్పు. ఎక్కువ ఆలోచించకు" అన్నాను. వాడు అక్షరం పొల్లు పోకుండా నేను చెప్పిందే చేశాడు. వేర్ అంటే స్టెప్స్ అన్నాడు. హూ అంటే ఓంప్రకాశ్ అన్నాడు.

పదకొండేండ్లుగా పాఠాలు చెబుతున్నాను. నా తమ్ముడికి సగం చెప్పాను.

నువ్వు పోవాలి ప్రవళికా. నిన్ను చూస్తే ఆమె తలుపు వేయదు.

మమత

సిరిసిల్ల,
10 మార్చి 2024

మమత వదినెకు,

మొన్న శుక్రవారం ఫోన్ కలిసింది. ఈసారి అత్తమ్మను బతిమాలి మూడు నిమిషాలూ నేనే తీసుకున్నాను. "నువ్వేం మాట్లాడ్తవే గంత?" అన్నది గానీ ఇచ్చింది.

గంగుబాయి దగ్గరికి పోయేముందు ఆయన నోటితో వినాలనుకున్నాను. ఇంగ్లీషు లేకుండా, మన "ని" పెట్టి అడిగాను. "నిన్ను ఓంప్రకాశ్ నూకిండా, ఓంప్రకాశ్‌ను నువ్వు నూకినవా?"

పెట్టేశారేమో అనుకున్నాను. వెనుక ఎవరో దగ్గుతున్నారు.

"చెప్పు. టైమైతది."

"నూక్కున్నం" అన్నాడు.

"అంటె?"

"అంటె ఏంది, ఇద్దరం నూక్కున్నం. బకెట్ నాదంటె నాదని. ముందెవలు నూకిండ్రో నాకెరుక లేదు. నాకు రేలింగ్ చేతికి దొరికింది ప్రవళికా. ఆయనకు దొరకలే."

తరువాత లైను పోయింది.

అప్పటి నుంచి నా తలలో ఈ మాటే తిరుగుతోంది. ఆ ఆఫీసరు "ఎవరిని నూకినవ్?" అంటే ఓంప్రకాశ్. "నిన్ను ఎవరు నూకిండ్రు?" అన్నా ఓంప్రకాశ్. డిడ్ ఉన్నా జవాబు అదే, లేకున్నా అదే. ఆయన ప్రశ్నను తప్పుగానే అర్థం చేసుకున్నాడు. కానీ జవాబు తప్పు కాదు. నూక్కున్నం అనే మాటకు మీ పాఠంలో ఏ ప్రశ్న వస్తుంది వదినె?

అత్తమ్మకు చెప్పలేదు. మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ప్రవళిక

ఇచ్చోడ,
18 మార్చి 2024

ప్రవళికా,

ఆ మాట మరిచిపో. ఫోన్లో అన్న మాట ఎవరూ వినలేదు. ఇంకోసారి నోటి నుంచి రానీయకు, ఉత్తరంలో రాయకు.

దీంతో పాటు ఒక టైపు కాగితం పెట్టాను. వకీలు చూశాడు. పైన ఇంగ్లీషు, కింద తెలుగు. "నా భర్తే ముందుగా భానుప్రసాద్‌ను నూకాడు. భానుప్రసాద్ నా భర్తను నూకలేదు. నాకు ఎవరి మీదా కక్ష లేదు." కింద గంగుబాయి సంతకం పెడితే చాలు. పదో తరగతి పరీక్షల డ్యూటీ ఉంది, నేను నీతో రాలేను. ఇచ్చోడలో దిగి ఆ ఊరి బస్సెక్కు. నువ్వు ఏమీ చెప్పాల్సిన పని లేదు. ఆమె ముందు కూర్చొని ఏడువు. అంతకంటే ఎక్కువ ఏ ఇంగ్లీషూ చేయలేదు.

నా తప్పు ఒప్పుకొని రాస్తే నువ్వు దాని మీద ఒక్క ముక్క రాయలేదు. తిట్టినా బాగుండేది. నన్ను క్షమించలేదని అర్థమైంది. సరే.

మమతారాణి

సిరిసిల్ల,
2 ఏప్రిల్ 2024

మమత వదినెకు,

ముందు ఇది. మీ మీద నాకు కోపం లేదు. ఆ ఉత్తరం రాసేటప్పుడు నా తలలో ఒక్క మాటకే జాగా ఉంది. హూ అంటే ఎవరు అని నాకు ఎవరూ సగం నేర్పలేదు, నేనే సగం నేర్చుకున్నాను, నేనూ అదే తప్పు చేశాను. మీరు నేర్పిన దాంతోనే ఆ కాగితం చదవగలిగాను. ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

మొన్న శనివారం పోయాను. గంగుబాయి వాకిట్లో పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు చేస్తోంది. నాకంటే రెండు మూడేండ్లు పెద్దదేమో. పక్కన ఐదారేండ్ల పాప, హర్షిణి.

"ఎవలు నువ్వు?"

పేరు చెప్పాను. ఎవరి భార్యనో చెప్పాను. రొట్టె పెనం మీద మాడింది.

"మొన్న పంతులమ్మను పంపిండ్రు. ఇయ్యాల నిన్ను పంపిండ్రు. రేపు మీ అత్తను పంపుతరా? జర ఒక్కపారి అందరు రాండ్రి, బస్సు మాట్లాడుకొని."

ఏడవమన్నారు కదా. ఏడుపు రాలేదు వదినె. ఆమె ముందు ఏడిస్తే ఆమె సొమ్ము దొంగిలించినట్టు అనిపించింది. కూర్చున్నాను. ఆమె పొమ్మనలేదు. అప్పుడే హర్షిణి పక్కింటి పిల్లగాణ్ని తరుముకుంటూ పోయింది.

"అక్కా, హర్షిణి పిల్లగాన్ని తరిమింది. ఎవరు తరిమిండ్రు?"

"పిచ్చి లేసిందా నీకు? హర్షిణి."

"హర్షిణి ఎవరిని తరిమింది?"

"పిల్లగాన్ని."

"ఇంగ్లీషుల రెండిట్లకు ఒక్కటే మాట. హూ అంటరు. 'ని' ఉండదక్కా."

రొట్టె తట్టే చేయి ఆగింది. "ని లేదా? ని లేకుంటె ఎట్ల బతుకుతరే వాళ్లు?"

"డిడ్ అని ఒకటి పెడ్తరు. అది వినపడితె ఎవరిని అని అర్థం. మా ఆయనకు అది తెల్వదు. నాక్కూడ జనవరి దాక తెల్వదు." జైలుకు ఫోన్ చేసి నన్ను నేనే అడిగిన ముచ్చట చెప్పాను. ఆమె ముఖం ఒక్క క్షణం నవ్వబోయి ఆగిపోయింది.

తనే నోట్లో ఒకటికి రెండుసార్లు అనుకుంది. ఎవరు, ఎవరిని. ఎవరు, ఎవరిని. వదినె, మీ బడి పిల్లలకన్నా తొందరగా పట్టుకుంది. పట్టుకున్న తరువాతే అసలు సంగతి అయింది.

"అంటె నీ పెనిమిటి మా ఆయన పేరు చెప్పింది, మా ఆయన నూకిండని."

"ఔ అక్కా."

"సచ్చినోడే నూకిండని. సచ్చినోడు మల్ల అచ్చి లేదనడు గద."

మీ టైపు కాగితం ఇచ్చాను. చదవడం వచ్చు ఆమెకు, తెలుగు భాగం వేలు పెట్టి చదివింది. తరువాత పిండి చేతులు కొంగుకు తుడుచుకొని నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఇంగ్లీషు ఇడువు. తెలుగుల అడుగుత. నా మొకం చూసి చెప్పు. నీ మొగడు నూకిండా, లేదా?"

మరిచిపొమ్మన్నారు మీరు. మరిచిపోలేదు.

"నూక్కున్నరక్కా" అన్నాను. బకెట్ ముచ్చట, రేలింగ్ ముచ్చట, ఆయన చెప్పింది చెప్పినట్టు చెప్పాను.

హర్షిణి వచ్చి ఒళ్లో కూర్చుంటే దగ్గరికి తీసుకుంది. "ఔ" అన్నది చివరికి. "నూకే ఉంటడు. ఆయనకు జల్ది కోపమస్తుండె. నన్ను గూడ ఒకపారి గడంచె మంచం మీదికెల్లి నూకిండు."

కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "గిది వద్దు. గిండ్ల మా ఆయన ఒక్కడే నూకినట్టు రాసిండ్రు. నా బిడ్డ రేపు సదువుకుంటది. గిది ఎప్పుడన్న సదువుతది. ఇద్దరు నూక్కున్నరని రాసుకరా, సంతకం పెడ్త. నాకస్తది సంతకం."

వచ్చేటప్పుడు రెండు రొట్టెలు గుడ్డలో కట్టి ఇచ్చింది. బస్సులో తిన్నాను.

నూక్కున్నరు అనే దాన్ని ఇంగ్లీషులో ఏమంటారో రాసి పంపండి వదినె. అంతే కావాలి.

ప్రవళిక

ఇచ్చోడ,
9 ఏప్రిల్ 2024

ప్రవళికా,

నాలుగేండ్లు మా ఇంట్లో నోరు విప్పలేదు నువ్వు. విప్పినదానివి అక్కడ విప్పావు.

ఆ కాగితం కోర్టుకు పోతే ఏమవుతుందో తెలుసా? వాడు నూకాడని ఇప్పుడు మనమే చెప్పినట్టు. మొదటి కాగితం ప్రశ్న అర్థం కాక రాసిందని నేను నెల రోజులు వకీలుకు నూరిపోశాను. అదంతా ఒక్క మాటతో తుడిచిపెట్టావు. గంగుబాయి బిడ్డ చదువుతుందని ఆలోచించావు. లోపల కూర్చున్నది నా తమ్ముడు.

నేను రాయను. నా చేతితో ఇంకోసారి వాడికి ఉరి పేనలేను. ఇక పాఠాలు కూడా వద్దు.

మమతారాణి

సిరిసిల్ల,
20 జూన్ 2024

మమత వదినెకు ప్రవళిక రాసేది.

మీరు రాయొద్దన్నారు. రెండు నెలలు రాయలేదు. తీర్పు సంగతి మామ మీకు చెప్పే ఉంటాడు. మూడేండ్లు. ఏ కాగితమూ లేకపోతే ఏడు అయ్యేదని, మీ టైపు కాగితం ఉంటే ఏడాదితో పోయేదని వకీలు నా ముందే మామతో అన్నాడు. అంటే నా మాటతో మీ తమ్మునికి రెండేండ్లు ఎక్కువ పడ్డాయి. ఇది మీరు లెక్కపెట్టి రాయకముందే నేనే రాస్తున్నాను.

కోర్టుకు పోయిన ఆ కాగితం ఎవరు రాశారని మీరు వకీలును అడిగారట. నేనే రాశాను. మీ చిన్నప్పటి బడి డిక్షనరీ అటక మీద దొరికింది, ఏడో తరగతి అక్షరాలు కూడబలుక్కొని చూశాను. నూక్కున్నరు అనే మాట దాంట్లో ఎక్కడ వెతకాలో నాకు తెలియలేదు. అందుకే విడదీసి రాశాను. ముందు ఎవరి పేరు రాయాలని మళ్లీ పోయి గంగుబాయినే అడిగాను. "మా ఆయనదే రాయి. ఆయనకే ముందు కోపమస్తది" అన్నది. ఓంప్రకాశ్ పుష్డ్ భానుప్రసాద్. భానుప్రసాద్ పుష్డ్ ఓంప్రకాశ్. ఓంప్రకాశ్ ఫెల్. మాఫీకి మాట మాత్రం వకీలు గుమస్తా చెప్పాడు. ఆమె సంతకం పెట్టింది.

మొన్న శుక్రవారం ఫోన్ కలిపాను. మీ తమ్ముడు నా గొంతు విని "అవ్వకియ్యి" అన్నాడు. పోయిన నెల కూడా అంతే. అత్తమ్మ మాట్లాడుతుంటే బయట నిలబడ్డాను. తరువాత అత్తమ్మ నన్నేమీ అనలేదు. తిట్టడం కూడా మానేసింది, అదే కష్టంగా ఉంది. మామ ఒక్కడే "రెండు సాంచెలు నీకిడిచిపెడ్త, నేర్చుకో" అన్నాడు. నేర్చుకుంటున్నాను. పోగు తెగితే అతకడం వచ్చింది.

ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, నిన్న గంగుబాయి వచ్చింది. ఇచ్చోడ నుంచి రెండు బస్సులు మారి, పాపను తీసుకొని. ఓంప్రకాశ్ పనిచేసిన కంపెనీ నుంచి ఆమెకు ఇంగ్లీషు ఫారం వచ్చింది. మీ బడి దగ్గరే ఉంది కదా, వదినెకు చూపించకపోయావా అన్నాను. "ఆ పంతులమ్మ మంచిదే కావొచ్చు. నాకు నువ్వు చెప్తె సమజైతది" అన్నది. మీకు కష్టమనిపిస్తే క్షమించండి, ఆమె అన్నదే రాశాను.

అత్తమ్మ ఆమెను గడపలో చూసి లోపలికి పోయింది. కాసేపటికి రెండు గ్లాసుల చాయ్, పాపకు ఒక బిస్కెట్ పుడ తెచ్చి మా మధ్య పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా పోయి కండెల దగ్గర కూర్చుంది.

ఫారంలో చాలా మాటలు నాకు రావు. డిక్షనరీ పెట్టుకొని మధ్యాహ్నం దాకా చూశాం. నాలుగో ప్రశ్న "హూ డిడ్ ది డిసీజ్డ్ సపోర్ట్?" అని ఉంది. డిసీజ్డ్ అంటే రోగం అనుకున్నాను, చూస్తే చనిపోయినాయన అట. ఆమె మరిది పేరు రాయాలేమో అన్నది గంగుబాయి, ఆయన దేశం పోయేటప్పుడు మరిదే సాయం చేశాడట. కాదక్కా, డిడ్ ఉంది, ఆయనకు ఎవరు సాయం చేసిండ్రని కాదు, ఆయన తన సంపాదనతో ఎవరిని సాదిండు అని అడుగుతున్నరు అన్నాను.

"ఎవరిని సాదుతడు, మమ్ములనే" అన్నది. గంగుబాయి, హర్షిణి అని రెండు పేర్లు రాశాను. ఇంకా మూడు గీతలు ఖాళీగా ఉన్నాయి.

దాని కింద ఐదో ప్రశ్న. "హూ సపోర్ట్స్ దెమ్ నౌ?" దీంట్లో డిడ్ లేదు, డజ్ లేదు. ఇప్పుడు వాళ్లను ఎవరు సాదుతున్నరు అని చెప్పాను. గంగుబాయి కాసేపు సాంచెల వైపు చూస్తూ కూర్చుంది.

"ఇప్పుడంటె ఇప్పుడేనా?"

"ఔ అక్కా."

"నేనే. రాయి."

గంగుబాయి అని రాశాను. ఫారం ఇంకా పంపలేదు, సోమవారం దాకా నా దగ్గరే ఉంటుంది. ఎక్కడైనా తప్పు ఉంటే చెప్పండి వదినె.

ప్రవళిక